బతికున్నవాడి పేరు మీద ఒక స్టేడియం

రొంకవేరా,
ఫిబ్రవరి 21, 1954

నా బంగారు తమ్ముడు సెవెరీనోకి,

నువ్వు బతికే ఉన్నావని తంతి వచ్చేసరికి నేను పొయ్యిలోంచి రొట్టెలు తీస్తున్నాను. మీ బావ జిల్దో ఆ కాగితం చదివాడు, తిప్పి మళ్ళీ చదివాడు, నా చేతిలో పెట్టి పిండి బస్తా మీద కూలబడ్డాడు. ఆ పూట సగం ఊరు మాడిన రొట్టెలే తిన్నది. ఒక్కరు కూడా పల్లెత్తు మాటనలేదు. పైగా దుకాణం ముందు నిలబడి నన్ను వాటేసుకున్నారు. ఫాదర్ రుజ్జేరో మాత్రం నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "పదకొండేళ్ళుగా వాడి ఆత్మకి శాంతి కలగాలని ప్రార్థనలు చేయిస్తున్నానే! అవన్నీ ఎవరికి ముట్టినట్టు?" అని. తరవాత తనే వెళ్ళి గంట మోగించాడు, తాడు తెగేదాకా.

రష్యా వెళ్ళిన మన బెటాలియన్ నుంచి తిరిగొచ్చిన ఒకరిద్దరూ మంచులో నిన్ను ఆఖరుసారి చూశామన్నారు. ఆ తరవాత ఎటు పోయావో వాళ్ళకీ తెలియదు. మేమేమనుకుంటాం చెప్పు? ఇన్నేళ్ళు ఆ శిబిరాల్లో ఎలా బతికావో, నిన్నెందుకు అందరికన్నా ఆఖరున వదిలారో, నీకు ఓపికున్నప్పుడు రాయి. లేకపోతే రాయకు.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. కూర్చుని చదువు. దగ్గు రాకుండా నవ్వు.

మన ఊరి మైదానం గుర్తుందిగా, కాలవ పక్కన? దాని గోడ మీద పాత పాలకులు రాయించుకున్న పేరు యుద్ధం అయ్యాక జనం ఉలులు పెట్టి చెక్కేశారు. కొన్నాళ్ళు గోడ బోడిగా ఉంది. యుద్ధంలో పోయిన మన ఆటగాడి పేరు పెడదామన్నారు. ఎర్ర రంగుతో, మనిషెత్తు అక్షరాలతో రాయించారు: సెవెరీనో బ్రెస్సనిన్ స్టేడియం.

అవునురా, నువ్వే. ఇప్పటి కుర్రకారుకి నువ్వు మనిషివి కాదు, ఆదివారం మధ్యాహ్నం వెళ్ళే చోటువి. "ఎక్కడికిరా?" అంటే "సెవెరీనోకి" అంటారు. వానపడితే "సెవెరీనో అంతా బురద" అంటారు. పోయిన వేసవిలో పక్క ఊరివాళ్ళు నీ మీద మేకల్ని తోలారని పెద్ద గొడవైంది.

నువ్వున్న శానిటోరియం డాక్టర్లు నిన్ను చూడ్డానికి ఇప్పుడే ఎవరినీ రానివ్వం అన్నారట. ఎప్పుడు రానిస్తారో కనుక్కో. అమ్మ ఆశీస్సులు.

నీ అక్క,
ఒత్తావియా

*

కొండమీది శానిటోరియం,
మార్చి 9

అక్కా,

నీ ఉత్తరం గట్టిగా చదివి తప్పు చేశాను. నా గదిలో ఇంకో ఇద్దరున్నారు. ఒకడు జెనోవా రేవులో మూటలు మోసిన బాచ్చి, ఇంకొకడు పాదువాలో ట్రాము నడిపిన తుల్లియో. ఆ రోజు నుంచి ఇద్దరూ నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారు. మందు తెచ్చే నన్ కూడా "స్టేడియంగారూ, నోరు తెరవండి" అంటోంది.

తుల్లియో వాళ్ళ స్టేడియానికి అప్పియానీ పేరు. పాదువాకి ఆడేవాడు, మొదటి యుద్ధంలో పోయాడు. జెనోవా వాళ్ళది ఫెరారిస్. ఆయనా ఆటగాడే, ఆయనా ఆ యుద్ధంలోనే పోయాడు. ఆయన పతకాన్ని తెచ్చి గోల్ వెనక మట్టిలో పాతారని బాచ్చి చెప్తాడు, చెప్పేటప్పుడు టోపీ తీస్తాడు. వెనిస్ వాళ్ళది విమానం నడిపిన పెన్‌జో. విచెంజా వాళ్ళది మెంతి. తోరీనో జట్టంతా విమానం కొండకి గుద్దుకుని పోయిందట కదా, అందులో ఒకడు. ఆ కబురు నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆ రోజంతా అన్నం సయించలేదు.

ఇలా ఇటలీ అంతా లెక్కేసి బాచ్చి తీర్పు చెప్పాడు. "అందరూ ముందు చచ్చి తరవాత స్టేడియం అయ్యారు. నువ్వు స్టేడియం అయ్యాక లేచొచ్చావు. వరస తప్పావురా అబ్బాయ్."

నవ్వులాట పక్కన పెడితే అక్కా, రాత్రి దుప్పటి కప్పుకున్నాక ఏడ్చాను. అక్కడ మమ్మల్ని నంబర్లతో పిలిచేవాళ్ళు. ఆకలి సమ్మెలో కూర్చున్నందుకు నాకు శిక్ష పొడిగించారు. ఇంక నన్ను తలచుకునేవాళ్ళే ఉండరనుకున్నాను. నేనలా అనుకుంటున్న ఆదివారాల్లోనే ఒక ఊరు ఊరంతా నా పేరు పలుకుతోందంటే ఏం చెప్పను? అందరికీ నా దండాలు చెప్పు. రంగు వేసినవాడికి మరీ మరీ చెప్పు.

నువ్వు ఇప్పుడే రావద్దు. దారంతా మంచు. పిల్లలున్నదానివి, ఈ క్షయ అంటుకునే జబ్బు. అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి?

నీ తమ్ముడు,
సెవెరీనో

*

రొంకవేరా,
ఏప్రిల్ 11

నాన్నా సెవెరీనో,

నీ ఉత్తరాన్ని దుకాణంలో అందరికీ చదివి వినిపించాను. నువ్వు ఏడ్చానన్న ముక్క మాత్రం దాచుకున్నాను, అది నాది. కానీ ఊళ్ళో ఒక చిక్కొచ్చి పడింది.

మన మున్సిపల్ సెక్రటరీ సంగతి నీకు తెలియదు, కొత్తవాడు. చట్టం లేకపోతే తుమ్మనైనా తుమ్మడు. బతికున్నవాళ్ళ పేరు ఊరి స్థలాలకి ఉండకూడదట. చచ్చి పదేళ్ళయినా అవ్వాలట. యుద్ధంలో ప్రాణమిచ్చినవాళ్ళకైతే ఆ పదేళ్ళు కూడా అక్కర్లేదట. "కానీ బ్రెస్సనిన్‌గారు ప్రాణం ఇవ్వలేదు కదండీ," అన్నాడు, అదేదో నువ్వు పన్ను ఎగ్గొట్టినట్టు.

మీ బావకి తిక్క రేగింది. "అయితే ఏం చేయమంటారు? మా బావమరిదిని రష్యాకి తిరుగు టపాలో పంపమంటారా?" అన్నాడు. ఆఫీసంతా ఘొల్లుమంది. సెక్రటరీ నవ్వలేదు. పై నుంచి రేపోమాపో కాగితం వస్తుందట, పేరు చెరిపేయాలట.

ఇదే సందని మిల్లు యజమాని కొర్రాదో బెల్త్రామే దిగాడు. వాళ్ళ నాన్న పేరు పెడితే జనం కూర్చునే మెట్ల మీద కప్పు వేయిస్తాడట. పెద్ద బెల్త్రామే! జన్మలో ఒక్క ఆట చూడని మనిషి. బంతి వాళ్ళ తోటలో పడితే తిరిగిచ్చిన పాపాన పోలేదు. నువ్వే కదా, గోడ దూకి తెచ్చి కుక్క కాటు తిన్నావు! కానీ కప్పంటే సగం మందికి మనసు లాగుతోంది. మేయర్‌గారికైతే పూర్తిగా లాగేసింది.

నేను ఊరుకోను. నా దగ్గరో ఉపాయం ఉంది. సెప్టెంబరులో మొదటి ఆటకి నువ్వు రావాలి. మైదానం మధ్యలో నిలబడి ఆ ఎడమ కాలితో బంతిని ఒక్క తన్ను తన్నాలి. జనం లేచి అరుస్తుంటే ఆ పేరు ఎవడు చెరుపుతాడో చూస్తాను. ఈస్టర్ వెళ్ళాక వచ్చి డాక్టర్లతో నేనే మాట్లాడతాను. మంచు కరిగింది, పిల్లల్ని అత్తగారు చూసుకుంటుంది. ఇంకేం వంక చెప్తావో చెప్పు.

అమ్మ ఆశీస్సులు.

ఒత్తావియా

*

శానిటోరియం,
ఏప్రిల్ 19

అక్కా,

వంకలన్నీ అయిపోయాయి. నిజం రాస్తున్నాను.

నాకు ఎడమ పాదం లేదు. మంచులో గడ్డకట్టి నల్లబడింది. శిబిరం ఆస్పత్రిలో మడమ పైదాకా తీసేశారు. అందుకే నిన్ను రావద్దన్నాను. గోడ మీద పేరు చదువుకుంటూ నువ్వు ఇన్నేళ్ళూ ఒక కుర్రాణ్ణి తలచుకున్నావు. గీత వెంబడి పరిగెత్తేవాణ్ణి. ఆ కుర్రాడు నీ కళ్ళముందు ఇంకొన్నాళ్ళు పరిగెత్తనీ అనుకున్నాను. బంతి తన్నడం నా వల్ల కాదు.

నేను దాచింది చెప్పాను. ఇప్పుడు నువ్వు దాచింది చెప్పు.

రెండు ఉత్తరాల్లోనూ "అమ్మ ఆశీస్సులు" అని రాశావు. ఒక్క తిట్టు లేదు. పదకొండేళ్ళు కబురు లేనివాడు దొరికితే మన అమ్మ ఆశీస్సులు పంపి ఊరుకుంటుందా? "ఆ వెధవకి చెప్పు, మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకోమని" అనకుండా ఉంటుందా? మోకాళ్ళ సంగతి అడిగితే నువ్వు కప్పు సంగతి రాశావు.

ఎప్పుడు పోయింది అక్కా?

సెవెరీనో

*

రొంకవేరా,
ఏప్రిల్ 24

నాన్నా,

నాలుగేళ్ళ కిందట, మార్చిలో. మొదటి ఉత్తరంలోనే రాద్దామని కలం పట్టాను. నీకు ఉద్రేకం పనికిరాదని డాక్టరు రాసిన ముక్క పక్కనే ఉంది. చెయ్యి ఆడలేదు.

ఇప్పుడు అంతా చెప్తాను, ఎందుకంటే ఇందులో ఏడుపు ఒక్కటే లేదు.

నువ్వు పోయావని అధికారులెవరూ చెప్పలేదు. "ఆచూకీ లేదు" అన్నారు. ఆ మాట అమ్మని తినేసింది. గుమ్మం వదిలేది కాదు. అన్నం తినేది కాదు. స్టేడియానికి నీ పేరు పెట్టిన రోజు తనని బలవంతాన తీసుకెళ్ళాం. ఆ అక్షరాల కింద చాలాసేపు నిలబడి, "పెద్దగానే రాశారు" అంది. ఇంటికొచ్చి సూప్ తాగింది.

అప్పటి నుంచి ఆదివారం కోసం చూసేది. మన కిటికీ కిందనుంచే కదా జనం మైదానానికి వెళ్ళేది. "ఏం తోనీ, సెవెరీనోకి వస్తున్నావా?" "ఎందుకు రాను!" ఆ కేకలు వింటూ జపమాల తిప్పేది. మంచం పట్టాక కూడా చలికాలం సైతం కిటికీ తెరిపించేది. నన్ను ఇంట్లో ఉండనిచ్చేది కాదు. "వెళ్ళు, గెలిచారో ఓడారో చూసొచ్చి చెప్పు" అనేది. ఓడామంటే "వాడుంటే ఓడేవాళ్ళా" అనేది. గెలిచామంటే నవ్వేది.

పోయింది కూడా ఆదివారమే. ఆ రోజు నేను వెళ్ళలేదు, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కాలవ అవతలనుంచి కేకలు వినిపించాయి. "గోలా?" అంది. "గోలే అమ్మా" అన్నాను. ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. అదే ఆఖరు మాట.

అందుకే ఆ పేరంటే నాకంత పట్టుదల. ఈ ఊరు ఆఖరుదాకా అమ్మకి ఊపిరి పోసింది. ఆ రుణం నేను తీర్చలేను.

పాదం సంగతికి వస్తే, నేను తలచుకున్నది పాదాన్ని కాదు. పిచ్చివాడా. మే మొదటి ఆదివారం బస్సులో వస్తున్నాను. ఉన్ని గుడ్డ తెస్తున్నాను, అమ్మ అల్లిందే. మెడకి చుట్టుకో, వెధవా. ఇది అమ్మ తరఫున.

అక్క

*

శానిటోరియం,
జూన్ 27

అక్కా,

నువ్వొచ్చి వెళ్ళి రెండు నెలలు కావస్తోంది. మెడకి గుడ్డ ఉంది, ఎండాకాలమైనా. ఆ రోజు బెంచీ మీద కూర్చుని నీకొక సంగతి చెప్పాలనుకున్నాను. నువ్వు తెచ్చిన రొట్టె నోట్లో పెట్టుకుని తప్పించుకున్నాను. ఎదురుగా చెప్పలేను. రాయగలను.

ఈ వారం ఇక్కడ అందరూ నీరసంగా ఉన్నారు. ప్రపంచ కప్పులో స్విట్జర్లాండ్ చేతిలో మనవాళ్ళు రెండుసార్లు ఓడారని రేడియోలో విన్నాం కదా. బాచ్చి మన గోల్‌కీపర్లని పేరుపేరునా తిడుతున్నాడు. నాకు దెల్ఫీనో గుర్తొచ్చాడు.

దెల్ఫీనో వెంతూరా. మన గోల్‌కీపరు. నీకు జ్ఞాపకం ఉండే ఉంటాడు. నన్స్ నడిపే అనాథాశ్రమం నుంచి వచ్చి, గుర్రాల జీన్లు కుట్టే దుకాణంలో పనికి చేరాడు. ఆటకి ముందు పచ్చి ఉల్లిపాయ నమిలేవాడు, అవతలి వాళ్ళు దగ్గరికి రాకూడదని. గోల్‌లో నిలబడి ఆట ముగిసేదాకా నోరు మూసేవాడు కాదు, మనవాళ్ళనే తిట్టేవాడు. అతనూ నేనూ ఒకే బెటాలియన్. అతనింటికి ఏ కబురూ పంపనక్కర్లేదు, ఎందుకంటే ఇల్లే లేదు. "ఆచూకీ లేదు" అన్నా అడిగేవాళ్ళు లేరు.

వెనక్కి నడిచేటప్పుడు నా పాదాలు మొద్దుబారిపోయాయి. నేను మంచులో కూర్చున్నాను. కూర్చుంటే ఎంత హాయిగా ఉంటుందో నీకు తెలియదు. దెల్ఫీనో నన్ను తన్నాడు, తిట్టాడు, విరిగిన బండి పలక మీద పడేసి తాడుతో లాగాడు. నేను నిద్రలోకి జారకుండా ఆట చెప్తూ లాగాడు, రేడియోలో చెప్పినట్టు. "బంతి తోనీకి... తోనీ నిద్రపోతున్నాడు గాడిద... బంతి సెవెరీనోకి! సెవెరీనో, ఎటు కొడతావ్? నోరు తెరిచి చెప్పరా, ఎటు కొడతావ్?" నేను "ఎడమవైపు" అంటే కాని ఊరుకోడు. అలా ఆ రోజు మధ్యాహ్నందాకా లాగాడు.

ఒక పల్లె వచ్చింది. ఒక రష్యా ముసలావిడ తలుపు తీసింది. మేం ఆమె దేశం మీదికి తుపాకులతో వెళ్ళినవాళ్ళం. అయినా పొయ్యి దగ్గర చోటిచ్చి ఉడికిన దుంపలు పెట్టింది. అప్పుడు చూశాను, నా పాదాలకి ఉన్ని తొడుగులున్నాయి. అవి దెల్ఫీనో చేతులవి. ఎప్పుడు తీసి తొడిగాడో తెలియదు. గోల్‌కీపరు, అక్కా. చేతులే అతని ఆస్తి. ఆ చేతులతోనే తాడు లాగాడు.

నన్ను పొయ్యి పక్కన పడుకోబెట్టి మళ్ళీ లేచాడు. వెనక కంచరగాడిదలు తోలే కుర్రాడొకడు పడిపోయి ఉన్నాడట. వద్దన్నాను. "వాణ్ణి తెచ్చేస్తే ఇంక ఆట ముగిసినట్టే" అన్నాడు. తుపానులోకి వెళ్ళాడు. మర్నాడు పొద్దున ఆ ముసలావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని కిటికీలోంచి చూపించింది. కంచె దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ కుర్రాడు ఒళ్ళో ఉన్నాడు. ఇద్దరూ తెల్లగా అయిపోయారు. గుమ్మానికి అంత దగ్గరలో.

ఆవిడ ఇద్దరినీ ఆపిల్ చెట్టు కింద పాతి, మా పద్ధతిలో శిలువ నాటింది. నన్ను రెండు వారాలు సాకింది. తరవాత సైనికులొచ్చి పట్టుకెళ్ళారు.

నా కుడి పాదం ఆ తొడుగుల వల్ల దక్కింది. ప్రాణం కూడా.

అక్కా, ఊరు నాకు చేసిన మేలు మరవను. అమ్మకి చేసింది అంతకన్నా మరవను. కానీ ఆ గోడ మీద ఉండాల్సిన పేరు నాది కాదు. సెక్రటరీగారు చెప్పిన చట్టం తలుపు తీసింది. ఆ తలుపులోంచి బెల్త్రామే దూరకముందే దెల్ఫీనోని లోపలికి తీసుకురా. ఇక్కడి డాక్టరు ముందు, ఇద్దరు సాక్షుల ముందు నేను చూసిందంతా ప్రమాణం చేసి చెప్పాను. ఆ కాగితం ఈ కవరులోనే ఉంది.

సెవెరీనో

*

రొంకవేరా,
జులై 18

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు జవాబు రాయలేదు. నీ మీద కోపం వచ్చింది. "అమ్మ కిటికీ కింద వినిపించిన పేరుని వీడు ఎంత తేలిగ్గా ఇచ్చేస్తాడు" అనుకున్నాను. మీ బావ ఒక్క మాటే అన్నాడు. "ఒత్తావియా, ఆ కుర్రాడు తాడు వదిలేసి ఉంటే మనకి వాడి పేరు తప్ప ఇంకేం మిగిలేది కాదు." అంతే, పిండి కలుపుతూ కలుపుతూ ఏడ్చేశాను.

నిన్న కౌన్సిల్ జరిగింది. హాలు పట్టలేదు, జనం మెట్ల మీద కూడా నిలబడ్డారు.

మేయర్‌గారు మొదలెట్టారు. "వెంతూరా అనే వ్యక్తి మంచివాడే కావచ్చు. కానీ తల్లిదండ్రులెవరో తెలియదు. ఆ ఇంటిపేరు కూడా ఆశ్రమం వాళ్ళు పెట్టిందే. రేపు పక్క ఊళ్ళవాళ్ళు ఏమంటారు?"

"బెల్త్రామే తోటలో బంతులు దాచిన ముసలాయన పేరు పెడితే ఏమంటారో అదే అంటారు!" అన్నాను వెనకనుంచి. నాకు మాట్లాడే హక్కు లేదని సెక్రటరీ గంట కొట్టాడు. "కొట్టండి, నేను గంట కిందే పుట్టాను" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

కొర్రాదో బెల్త్రామే లేచాడు. మర్యాదగానే మాట్లాడాడు, అబద్ధం ఎందుకు. "నేను ఎవరినీ కించపరచడం లేదు. కానీ చనిపోయినవాడు మీ తలల మీద కప్పు వేయలేడు. నేను వేయగలను."

ఓడామనుకున్నాను. అప్పుడు లేచాడు బార్బర్ తోనీ. మన పాత డిఫెండరు, ఇప్పుడు పొట్టా బట్టతలా వచ్చాయి. చేతిలో టోపీ నలుపుతున్నాడు.

"అయ్యా, నాకు మాట్లాడటం రాదు. నేను ఆడిన ఆటలన్నిట్లోనూ దెల్ఫీనో నా వెనకే ఉన్నాడు. 'తోనీ, గాడిదా, కుడివైపు చూడు!' అని తిట్టేవాడు. నేను చూసేవాణ్ణి. యుద్ధం తరవాత కొత్త గోల్‌కీపరు వచ్చాడు, పెద్దమనిషి, నన్ను ఒక్క మాటా అనేవాడు కాదు. అప్పట్నుంచే నా ఆట పోయింది." అందరూ నవ్వారు. తోనీ నవ్వలేదు. "మంచులో కూడా నన్ను తిట్టాడట. సెవెరీనో రాశాడు. నేను ఇక్కడ వెచ్చగా ఉన్నానన్నమాట, అతనక్కడ నన్ను తలచుకుంటున్నాడన్నమాట. కప్పు లేకపోతే గొడుగు తెచ్చుకుంటాం మేయర్‌గారూ. గోల్‌కీపరు లేకుండా ఎలా ఆడతాం?"

ఇంక ఓటు లాంఛనమే. చేతులు లేస్తూ పోయాయి. ఆఖరికి మేయర్‌గారి చెయ్యి కూడా, సగం దాకా. సెక్రటరీ నీ ప్రమాణ పత్రం మూడుసార్లు చదివి, "చనిపోయి పదేళ్ళు దాటింది. యుద్ధంలోనే పోయాడు. చట్టరీత్యా ఏ అభ్యంతరమూ లేదు" అన్నాడు. అలా అంటూ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. రాతిగుండె అనుకున్నాను, కాదు.

రేపు రంగు వేసేవాడు వస్తాడు.

అక్క

*

శానిటోరియం,
ఆగస్టు 2

అక్కా,

తోనీకి నా తరఫున ముద్దు పెట్టు, ఆ బట్టతల మీద. బాచ్చి నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాడు. ఆ తరవాత లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇప్పుడు నువ్వు మామూలు మనిషివి. బతుకు హాయిగా" అన్నాడు. నిజమే, ఒళ్ళు తేలికైంది.

ఊపిరితిత్తుల మచ్చ తగ్గుతోందట. చెక్క పాదం వచ్చింది. నన్ పక్కన నడుస్తుంటే వరండా చివరిదాకా వెళ్ళి వచ్చాను. ఊరికి నా కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఒకసారి నా పేరు నిలబెట్టారు, ఇంకోసారి నా మాట నిలబెట్టారు.

సెవెరీనో

*

రొంకవేరా,
అక్టోబరు 17

నాన్నా సెవెరీనో,

సెప్టెంబరు ఆట సంగతి జిల్దో నీకు రాశాడు కదా. వాన పడింది, గొడుగులు విప్పారు, రెండు గోల్స్‌తో గెలిచాం. జిల్లా పత్రికలో మన స్టేడియం గోడ ఫోటో వేశారు, కొత్త అక్షరాలతో. ఇప్పుడు జరిగింది అంతకన్నా పెద్దది.

పోయిన ఆదివారం ఆట మొదలవ్వబోతుంటే గేటు దగ్గరనుంచి తోనీ నా కోసం కబురు పెట్టాడు. వెళ్ళాను. అక్కడ ఒక ముసలావిడ. తలకి నల్ల గుడ్డ, కాళ్ళకి చెక్క చెప్పులు, చేతిలో గుడ్డ కట్టిన బుట్ట. కొండ దిగువన వల్‌ద్రానా నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. పేరు తెయొదొలిందా. గోడకేసి చూపించి, "అమ్మాయ్, నాకు చదువు రాదు. అక్కడ రాసింది మా దెల్ఫీనో పేరేనా?" అంది.

గోడ మీది అక్షరాలు పైకి చదివి వినిపించాను.

ఆశ్రమం వాళ్ళు పసిపిల్లల్ని పాలిచ్చే తల్లులకి అప్పగించేవాళ్ళు కదా, పల్లెల్లో. దెల్ఫీనోని ఆవిడకిచ్చారట, పుట్టిన వారానికి. ఆవిడ బిడ్డ అప్పుడే పోయింది. ఏడేళ్ళు పెంచింది. ఆ తరవాత పద్ధతి ప్రకారం బండిలో వచ్చి తీసుకెళ్ళిపోయారు. "చక్రం పట్టుకుని పరిగెత్తాను తల్లీ, మలుపు దాకా" అంది. ఎక్కడికి పంపారో చెప్పలేదు. ఆవిడ అడగడం మానలేదు. మొన్న వాళ్ళ ఊరి దుకాణంలో జున్ను చుట్టిచ్చిన పత్రిక కాగితం మీద ఆ గోడ ఫోటో చూసి, ఆవిడ మనవరాలు పేరు పైకి చదివిందట.

ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి నా పక్కన కూర్చోబెట్టాను. ఆట ఏం అర్థం కాలేదు ఆవిడకి. గోల్‌కీపరు కిందపడ్డ ప్రతిసారీ లేచి నిలబడింది. బుట్టలో చెస్ట్‌నట్ కాయలు తెచ్చింది, కాల్చినవి. చుట్టూ అందరికీ పంచింది, "దెల్ఫీనో ఇంటికొచ్చాక వట్టి చేతులతో ఎలా" అని. తోనీ పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

వెళ్ళేటప్పుడు అడిగింది. "ఎలా పోయాడమ్మా? ఒంటరిగానా?" నేను చెప్పలేదు. అది నా నోటితో చెప్పాల్సింది కాదనిపించింది. "మా తమ్ముడు ఆ ఆఖరు రోజున అతని వెంటే ఉన్నాడు. వాడొచ్చి చెప్తాడు" అన్నాను. తప్పు చేశానా?

అక్క

*

వల్‌ద్రానా, తెయొదొలిందాగారి వంటింట్లోంచి,
నవంబరు 13, శనివారం

అక్కా,

తప్పు చేయలేదు. నిన్న నన్ను పంపించేశారు. బాచ్చి గేటుదాకా వచ్చాడు. మన ఊరి బస్సు ఎక్కాల్సినవాణ్ణి, ముందు ఇక్కడ దిగాను. నా మీద అలగకు. పదకొండేళ్ళు ఆగావు, ఇంకొక్క రోజు ఆగు.

తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది. ఎవరినని అడగలేదు. "చలి, లోపలికి రా నాయనా" అంది. వేడివేడి మొక్కజొన్న సంకటి, అదే పోలెంతా, వడ్డించింది. తినేదాకా ఒక్క ప్రశ్న వేయలేదు. తినడం అయ్యాక చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు చెప్పు. ఏమీ దాచకు. నేను ముసలిదాన్ని, తట్టుకుంటాను."

అంతా చెప్పాను. తాడు, పలక, ఆట, తిట్లు. చేతి తొడుగుల సంగతి కూడా చెప్పాను. ఆవిడ ఏడవలేదు. నా కుడి కాలు ఒళ్ళోకి తీసుకుంది. మేజోడు లాగేసి ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఎంతసేపో అలాగే పట్టుకుంది.

"వెచ్చగా ఉంది" అంది.

తరవాత ఆ రష్యా ముసలావిడ గురించి అడిగింది. పేరు తెలియదన్నాను. "పేరెందుకు, నాకు తెలుసు ఆవిడ" అంది. లేచి కొవ్వొత్తి వెలిగించింది. ఒకటి దెల్ఫీనోకి, ఒకటి ఆవిడకి. ఒక్క క్షణం ఆగి మూడోది కూడా వెలిగించి, "ఇది మీ అమ్మకి" అంది. నువ్వు చెప్పావట, కిటికీ సంగతి.

రేపు పొద్దున బస్సుకి ఇద్దరం వస్తున్నాం. ఈ ఉత్తరం మన ఊరివైపు వెళ్ళే బండివాడి చేతికిస్తున్నాను, రాత్రికే నీకు అందుతుంది. గోల్ వెనక మెట్ల మీద చోటు ఉంచమని తోనీకి చెప్పు, నేను మెట్లెక్కడానికి కాస్త టైము పడుతుంది. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని కాయలు కాలుస్తోంది, ఊరందరికీ సరిపోయేటన్ని. ఇందాక ఉన్నట్టుండి అడిగింది.

"పోయినసారి వెళ్ళినప్పుడు నాకు కంగారులో సరిగ్గా వినపడలేదు. అక్కడికొచ్చేవాళ్ళు వాడి పేరు పైకి అంటారా, నాయనా?"

"అంటారమ్మా. వీధులెంబడి అంటూ వస్తారు. 'ఎక్కడికి' అంటే 'దెల్ఫీనోకి' అంటారు."

"గట్టిగానా?"

"గట్టిగానే."

చాకుతో ఇంకో కాయకి గాటు పెట్టి పెనం మీద వేసింది. "అయితే తెల్లారే బయల్దేరదాం. మొదటివాడు అనేటప్పటికే నేనక్కడ ఉండాలి" అంది.

నీ తమ్ముడు,
సెవెరీనో